సినిమాకు రిసీవరు, పాటకు యాంప్లిఫయరు: ఈ మాటలో నిజమెంత?

హోమ్ థియేటర్ కొనడానికి షోరూముకు వెళ్లినవాళ్లకు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘‘సినిమాలకైతే ఏవీ రిసీవరు తీసుకోండి, పాటలు బాగా వినాలంటే మాత్రం స్టీరియో యాంప్లిఫయరే.’’ రిసీవరంటే సినిమా ధ్వనిని విప్పి చుట్టూ ఉన్న స్పీకర్లకు పంచే పెట్టె, స్టీరియో యాంప్లిఫయరంటే రెండు స్పీకర్లను నడిపే పెట్టె. రెండూ కావాలంటే రెండు పెట్టెలూ కొనాలన్నమాట. ఇంటర్నెట్‌లో వెతికితే చిక్కు ఇంకా ముదురుతుంది. రిసీవర్లో సంగీతం వినడం కాగితం పూలను వాసన చూడటం లాంటిదని ఒక పక్షం అంటుంది. యాంప్లిఫయర్లన్నీ ఒకలాగే వినిపిస్తాయి, తేడా అంతా మీ మనసులోనే ఉందని రెండో పక్షం కొట్టిపారేస్తుంది. ఇద్దరి మాటల్లోనూ నిజం పాలు ఉంది. కాకపోతే ఏ స్పీకర్లతో, ఎంత గదిలో, ఏ సెట్టింగులతో విన్నారో ఎవరూ చెప్పరు. ఒకే సామగ్రి సినిమానూ సంగీతాన్నీ చక్కగా పలికించగలదా అన్నది ఆ వివరాలను బట్టే తేలుతుంది.

## స్టీరియోకు కావలసింది ఒక త్రికోణం

వినే మనిషి, ఎడమ స్పీకరు, కుడి స్పీకరు కలిసి దాదాపు సమబాహు త్రికోణం అయినప్పుడే స్టీరియో పూర్తిగా పనిచేస్తుంది. గాయని గొంతు రెండు స్పీకర్ల నుంచీ సమానంగా వస్తే చెవి దాన్ని మధ్యలో, స్పీకరే లేని చోట నిలబెడుతుంది. వయొలిన్ ధ్వని ఎడమ ఛానల్లో కాస్త ఎక్కువగా ఉంటే అది ఆ పక్కకు జరుగుతుంది. బ్రిటిష్ ఇంజినీరు అలన్ బ్లూమ్‌లైన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఈ ఆలోచనే నేటికీ స్టీరియోకు పునాది.

ఘంటసాల, సుశీల పాడిన 1950లు, 60ల నాటి సినిమా పాటలు చాలావరకు మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లకూ ఒకే ధ్వని వెళ్తుంది. అలాంటి పాట పెట్టినప్పుడు గొంతు సరిగ్గా నట్టనడుమ నిలబడితే అమరిక కుదిరినట్టే. ఒక పక్కకు ఒరిగితేనో, గోడంతా పరుచుకుంటేనో స్పీకర్ల దూరాల్లో తేడా ఉండాలి, లేదా గది ఏదో చేస్తుండాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇక సినిమా కోసం వాడే 5.1 అమరిక సంగతి. అయిదు స్పీకర్లంటే ఎడమ, మధ్య, కుడి, వినేవారికి ఇరుపక్కలా కాస్త వెనకగా రెండు సరౌండ్లు. చుక్క తరువాతి ఒకటి పేలుళ్లు, ఉరుముల కోసం 120 హెర్ట్జ్ వరకు మాత్రమే పలికే ప్రత్యేక ఛానల్ (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క, అంకె తగ్గేకొద్దీ ధ్వని మంద్రం). 5.1.2 అని ఉంటే చివరి రెండూ పైకప్పు స్పీకర్లు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్‌తో ఈ మూడో అంకె వాడుకలోకి వచ్చింది.

5.1 అమరికకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చేసిన సిఫారసు ప్రకారం ముందు ఎడమ, కుడి స్పీకర్లు మధ్య గీత నుంచి చెరో 30 డిగ్రీల కోణంలో ఉండాలి. సమబాహు త్రికోణం గీసినా వచ్చేది అదే కోణం. అంటే సినిమా అమరికలోనే స్టీరియో అమరిక ఇమిడి ఉంది. గొడవ మొదలయ్యేది టీవీ యూనిట్ దగ్గర. స్పీకర్లు చక్కగా అల్మారాలో ఇమడాలన్న పట్టుదలతో వాటిని టీవీకి ఆనించి పెడతారు. సినిమాకు అది కొంతవరకు నడుస్తుంది, ఎందుకంటే మాటలకు మధ్య స్పీకరు ఉంది, చుట్టూ ఇంకా రెండు ఉన్నాయి. పాటకు ఉన్నవి ఆ రెండే.

సౌండ్‌బార్ పరిమితి కూడా ఈ కోణంలోనే తెలుస్తుంది. మీటరు పొడవున్న బార్‌ను మూడు మీటర్ల దూరం నుంచి వింటే దాని రెండు కొసల మధ్య కోణం సుమారు 19 డిగ్రీలు. కావలసింది 60. గోడల మీద ధ్వనిని కొట్టించి వెడల్పు పెంచే కిటుకులు ఉన్నాయి, సినిమాలో అవి సరదాగానే ఉంటాయి. కచేరీలో మాత్రం మృదంగం ఎక్కడుందో, ఘటం ఎక్కడుందో వాటితో తేలదు.

## రిసీవరు పెట్టెలో ఏముంది, పాటకు ఏది అడ్డు

స్టీరియో యాంప్లిఫయరు పని చిన్నది. వచ్చిన సంకేతాల్లో ఒకదాన్ని ఎంచుకుని, వాల్యూమ్ సర్ది, రెండు స్పీకర్లను నడిపిస్తుంది. రిసీవరు జాబితా కొండవీటి చాంతాడు. డాల్బీ, డీటీఎస్ పద్ధతుల్లో కుదించి వచ్చే సినిమా ధ్వని సంకేతాలను విప్పాలి, వాటిని అనలాగ్‌లోకి మార్చాలి, మంద్రధ్వనులను విడదీసి, వాటికోసమే ఉన్న సబ్‌వూఫరు స్పీకరుకు పంపాలి, గదికి తగ్గట్టు ధ్వనిని దిద్దాలి, అయిదు నుంచి పదకొండు స్పీకర్లను నడపాలి, దారిలో వీడియోను టీవీకి చేరవేయాలి. ఒకే ధరకు దొరికే రెండు పెట్టెల్లో ఒకటి రెండు పనులకు, రెండోది ఇన్ని పనులకు డబ్బు పంచుతుంది. స్టీరియో పక్షం వాదనలో బలమైన అంశం ఇదే.

రెండో ఆరోపణ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) ఉన్నవాళ్లది: అనలాగ్ సంకేతాన్ని రిసీవరు డిజిటల్‌గా మార్చి, దిద్ది, మళ్లీ అనలాగ్ చేస్తుంది. నిజమే, ఏ దిద్దుబాటూ లేని మోడ్‌లో పెడితే తప్ప అలాగే చేస్తుంది. అయితే సెకనుకు 48,000 నమూనాలు తీసే మార్పిడి 24,000 హెర్ట్జ్ వరకు ధ్వనిని పట్టుకోగలదు. మనిషి చెవి హద్దు దాదాపు 20,000 దగ్గరే, వయసుతో అదీ తగ్గుతుంది. మార్పిడి వల్ల ఏదో పోయిందన్న అసంతృప్తి చాలాసార్లు ‘డిజిటల్’ అన్న మాట విన్న తరువాతే మొదలవుతుంది. ఫోను నుంచో, స్ట్రీమింగ్ పెట్టె నుంచో పాట వచ్చే ఇంట్లో ఈ ఆరోపణకు చోటే లేదు. పాట మొదటి నుంచీ డిజిటలే.

## వాట్ల అంకె వెనక షరతులు

1990ల నాటి మ్యూజిక్ సిస్టమ్‌ల మీద ‘పీఎంపీఓ’ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) వాట్లు వేలల్లో మెరిసేవి. వెనక లేబులు చూస్తే గోడ నుంచి తీసుకునే కరెంటు కొన్ని పదుల వాట్లు. ఇప్పటి రిసీవర్లు అంత నిర్మొహమాటంగా అబద్ధమాడవు, షరతులు చిన్న అక్షరాల్లో వేస్తాయి. ‘6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం వక్రీకరణ, ఒకే ఛానల్ నడుస్తుండగా 150 వాట్లు’ అన్నదీ, ‘8 ఓమ్‌లు, 20 నుంచి 20,000 హెర్ట్జ్, 0.08 శాతం వక్రీకరణ, రెండు ఛానళ్లు నడుస్తుండగా 80 వాట్లు’ అన్నదీ ఒకే పెట్టె గురించి కావచ్చు. పోల్చడానికి పనికొచ్చేది రెండోది.

‘రెండు ఛానళ్లు నడుస్తుండగా’ అన్న షరతును స్టీరియో పక్షం వేలెత్తి చూపుతుంది. ఏడు ఛానళ్లూ ఒకేసారి గట్టిగా పలికితే చాలా రిసీవర్లలో ఆ అంకె బాగా పడిపోతుంది, ఎందుకంటే కరెంటు సరఫరా అన్నింటికీ ఒక్కటే. కానీ పాట వినేటప్పుడు పనిచేసేవి రెండే కదా! ఏడింటి కోసం కట్టిన సరఫరా అంతా ఆ రెండింటికే దక్కుతుంది. ఈ ఆరోపణ నిజానికి రిసీవరు సినిమా సామర్థ్యం మీద పడాలి.

మరి పాటకు ఎన్ని వాట్లు కావాలి? శబ్దం ఎంత గట్టిదో డెసిబెల్‌లలో కొలుస్తారు. మధ్యరకం స్పీకరు తీసుకుందాం: ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్‌లు. మూడు మీటర్ల దూరానికి ఆరుబయట అయితే దాదాపు 9.5 డెసిబెల్‌లు తగ్గుతాయి. రెండు స్పీకర్లు ఉండటం వల్ల, గోడల ప్రతిధ్వని వల్ల ఇంట్లో అయిదారు తిరిగి కలుస్తాయి. వెరసి ఒక వాటుకు 83 డెసిబెల్‌లు అనుకోవచ్చు. సగటున 75 డెసిబెల్‌ల దగ్గర వింటే, అది గదిలో మాట్లాడుకోవడం కష్టమయ్యేంత సందడి. మృదంగం మీద పడే దెబ్బ, కోరస్ ఎత్తుకునే క్షణం దానికి 20 పైన, అంటే 95కు చేరతాయి. 83 నుంచి 95కు 12 డెసిబెల్‌లు. ప్రతి మూడు డెసిబెల్‌లకూ వాట్లు రెట్టింపవుతాయి కనుక 2, 4, 8, 16. అంతే, 16 వాట్లు. స్పీకరు 87కు బదులు 84 డెసిబెల్‌లదైతే 32.

80 వాట్ల రిసీవరుకు ఇది చులకన పని. 80 నుంచి 160 వాట్లకు ఎగబాకితే వచ్చేది మూడు డెసిబెల్‌లు, చెవికి కాస్త తెలిసే తేడా. అయితే యాంప్లిఫయర్లన్నీ ఒకటేనన్నవాళ్లు దాటవేసే సందర్భాలు ఇక్కడే ఉన్నాయి. కొన్ని స్పీకర్ల నిరోధం పేరుకు 8 ఓమ్‌లే అయినా కొన్ని స్వరాల దగ్గర 3 ఓమ్‌ల వరకు దిగుతుంది. సున్నితత్వం (ఒక వాటుకు స్పీకరు ఇచ్చే శబ్దం) తక్కువ, హాలు పెద్దది, గట్టిగా వినే అలవాటు. ఇవన్నీ కలిసినచోట చవక రిసీవరు చేతులెత్తేస్తుంది, మంచి యాంప్లిఫయరు నిలబడుతుంది. ఆ తేడా ఊహ కాదు.

## అసలు తేడా స్పీకర్లలో, డబ్బు పంపకంలో

కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ 1980లలో స్పీకర్లను తెర చాటున పెట్టి, పేరు, ధర తెలియకుండా వినిపించి పరీక్షించారు. ఎదురుగా సమానమైన ధ్వని ఇస్తూ, పక్కలకు చిమ్మే ధ్వనిలోనూ ఎగుడుదిగుళ్లు లేని స్పీకర్లనే ఎక్కువమంది మెచ్చారు. ‘సంగీతానికి ఒక రకం, సినిమాకు ఒక రకం’ అన్న విభజనకు ఈ పనిలో ఆధారం దొరకదు. మంచి స్పీకరు రెండింటికీ మంచిదే.

అదే పరిశోధన నుంచి తేలిన ఇంకో సంగతి మనకు మరీ ముఖ్యం. ఒక్క స్పీకరుతో వింటే లోపాలు ఇట్టే పట్టుబడతాయి, ఛానళ్లు పెరిగేకొద్దీ తప్పు పట్టడం కష్టమవుతుంది. అందుకే అయిదు స్పీకర్ల నడుమ సినిమాలో బాగున్న జతే పాటలో పేలవంగా తోచవచ్చు. నింద మాత్రం రిసీవరు మీద పడుతుంది.

డబ్బు లెక్క వేస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. లక్షన్నర ఉందనుకుందాం. రిసీవరుకు 50 వేలు పోతే మిగిలేది లక్ష. మొత్తం 5.1 ఒకేసారి కొంటే సబ్‌వూఫరుకు 25 వేలు, అయిదు స్పీకర్లకు తలా 15 వేలు. స్టీరియో పాట మోసే ఎడమ, కుడి జతకు దక్కేది 30 వేలు. అదే లక్షను ఇప్పటికి మూడుగానే పంచితే జతకు 70 వేలు, సబ్‌వూఫరుకు 30 వేలు. రెండో పద్ధతిలో సినిమా కొన్నాళ్లు ముందు నుంచే వినిపిస్తుంది, వెనక నుంచి హెలికాప్టరు రాదు. నా తూకం రెండోదాని వైపే మొగ్గుతుంది. కానీ దానికీ ఒక చిక్కుంది. మధ్య స్పీకరు ముందు జతతో ఒకే శ్రేణిది కాకపోతే పాత్ర తెర మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడిచేటప్పుడు గొంతు మారినట్టు వినిపిస్తుంది. మూడేళ్ల తరువాత కొనబోతే ఆ శ్రేణి అంగట్లో లేకపోవచ్చు. వారాంతపు సినిమాయే ప్రాణమైన ఇంట్లో మొదటి పద్ధతి తప్పని ఎలా అనగలం?

## నలుచదరపు గది, గచ్చు నేల

మంద్రధ్వనుల విషయంలో గది కూడా ఒక వాద్యమే. రెండు గోడల మధ్య దూరానికి సరిపడే తరంగం అక్కడ నిలిచిపోయి ఒక స్వరాన్ని ఉబ్బిస్తుంది. లెక్క తేలికే: సెకనుకు 343 మీటర్లన్న ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి. 12 అడుగులంటే 3.66 మీటర్లు, వచ్చేది 47 హెర్ట్జ్. గది 12కు 12 నలుచదరం అయితే రెండు దిక్కులా అదే 47, కాబట్టి ఉబ్బు పేరుకుపోతుంది. 12కు 15 అయితే రెండోది దాదాపు 37.5కు జరిగి కొంత సర్దుకుంటుంది. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్, దాని పై స్వరాలు ఈ ప్రాంతంలోనే తిరుగుతాయి. ఒక స్వరం గది అదిరేలా మోగి, పక్కది మాయమైతే పాట నడక చెడుతుంది. పేలుడులో ఇది ఎవరికీ తెలియదు.

అమెరికన్ ఇళ్లలోని పలుచని జిప్సం గోడలు కొంత బాస్‌ను, అంటే మంద్రధ్వనిని, బయటికి పోనిస్తాయి, కొంత మింగుతాయి. మన ఇటుక, కాంక్రీటు గోడలు లోపలికే తిప్పికొడతాయి. నేల మీద గ్రానైట్ పలకలో టైల్సో ఉంటే పైస్థాయి స్వరాలు కూడా చప్పట్లలా మోగుతాయి. మందపాటి తివాచీ, బరువైన తెరలు, పుస్తకాల బీరువా ఈ పైస్థాయిని మచ్చిక చేస్తాయి. బాస్‌కు అవి సరిపోవు. వినే కుర్చీని వెనక గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపడం, సబ్‌వూఫరు చోటు మార్చడం వాటికంటే ఎక్కువ పనిచేస్తాయి.

రిసీవరు బలం బయటపడేది ఇక్కడ. మైకుతో గదిని కొలిచి దిద్దే ఆడిస్సీ, డిరాక్, యమహా వారి వైపావో వంటి పద్ధతులు ఆ 47 హెర్ట్జ్ ఉబ్బును కోసేయగలవు. చాలా స్టీరియో యాంప్లిఫయర్లలో ఆ సదుపాయమే ఉండదు. దిద్దుబాటు ఎంత వరకు పోవాలన్న దానిపై నిపుణుల్లో భేదముంది. రెండు మూడు వందల హెర్ట్జ్‌ల కింద గది పెత్తనం, ఆ పైన స్పీకరు పెత్తనం. మంచి స్పీకరు పైస్వరాలను ముట్టుకోవద్దని టూల్ వంటివారి మాట. మొత్తం పరిధిని దిద్దితే ఎడమ, కుడి మరింత సరిపోలతాయన్నది ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల మాట. ఎక్కడిదాకా దిద్దాలో ఎంచుకోనిచ్చే రిసీవర్లు ఇప్పుడు ఉన్నాయి కనుక ఈ తగవు ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

## ‘ప్యూర్ డైరెక్ట్’ నొక్కితే బాస్ ఎందుకు మాయమవుతుంది

రిసీవర్లో పాట బాగోదన్న అభిప్రాయాల్లో పెద్ద వాటా సెట్టింగులదే. రాత్రి సినిమా చూసి ‘అన్ని ఛానళ్ల స్టీరియో’లో వదిలేస్తే, పొద్దున సుప్రభాతం అయిదు స్పీకర్లలోంచి ఒకేసారి వస్తుంది. త్రికోణం చెదిరిపోతుంది.

దీనికి విరుగుడుగా ‘ప్యూర్ డైరెక్ట్’ నొక్కమంటారు. అది దిద్దుబాట్లన్నీ ఆపి సంకేతాన్ని నేరుగా పంపుతుంది. అయిదంగుళాల వూఫరు (మంద్రధ్వనులు పలికే భాగం) ఉన్న చిన్న స్పీకర్లు 60 హెర్ట్జ్ దాటి కిందికి సరిగ్గా దిగలేవు. అందుకే మామూలు మోడ్‌లో రిసీవరు 80 హెర్ట్జ్ దగ్గర గీత గీసి, కింది భాగం సబ్‌వూఫరుకు అప్పగిస్తుంది. డైరెక్ట్‌లో చాలా మోడళ్లు ఆ పంపకాన్నీ ఆపేస్తాయి. సబ్‌వూఫరు మూగబోతుంది, గది ఉబ్బు తిరిగొస్తుంది, పాట పలచనవుతుంది. స్వచ్ఛత అన్న పేరు విని దాన్నే మెరుగనుకునేవాళ్లూ ఉన్నారు. పెద్ద టవర్ స్పీకర్లు ఉన్నచోట అది నిజంగానే బాగుండవచ్చు. చిన్న స్పీకర్లు, సబ్‌వూఫరు ఉన్న ఇంట్లో ‘స్టీరియో’ అన్న మామూలు మోడే సరైనది.

ఇంకొకటి, డెనాన్, మరాంట్జ్ రిసీవర్లు వాడేవారు తరచూ తడబడేది: ఆడిస్సీ ‘డైనమిక్ ఈక్యూ’. తక్కువ శబ్దంలో చెవికి బాస్ సరిగా అందదు కనుక ఇది బాస్‌ను పెంచుతుంది. ఎంత పెంచాలో సినిమా ప్రమాణంతో పోల్చి నిర్ణయిస్తుంది. థియేటర్ మిక్సింగుకు సగటు 85, శిఖరం 105 డెసిబెల్‌లన్న కొలమానం ఉంది. సంగీతానికి అలాంటి ఉమ్మడి కొలమానం లేదు, ఏ స్టూడియోది దానిదే. పాటను గట్టిగా మిక్స్ చేస్తారు కాబట్టి మనం వాల్యూమ్ తగ్గిస్తాం. ఎంతో మెల్లగా వింటున్నారని రిసీవరు భ్రమపడి బాస్ కుమ్మరిస్తుంది. అందుకే అందులో 0, 5, 10, 15 డెసిబెల్‌ల సవరణ పెట్టారు: సున్నా సినిమాకు, 5 శాస్త్రీయ సంగీతం వంటివాటికి, 15 గట్టిగా మిక్స్ చేసిన పాప్ తరహా పాటలకు. ఇటీవలి సినిమా పాటలు సున్నా దగ్గర ఎందుకు గుమ్మెత్తిపోతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

## రెండు పెట్టెలూ కలిసే దారి

స్టీరియో యాంప్లిఫయరు వైపు న్యాయమైన కారణాలు ఇంకా ఉన్నాయి. రిసీవర్లో డిజిటల్ ప్రమాణాలు త్వరగా పాతబడతాయి. ఇరవై ఏళ్ల కిందటి మంచి యాంప్లిఫయరు మాత్రం నేటికీ అలాగే పలుకుతుంది. మీట తిప్పితే పాట, మెనూలు లేవు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

రెండూ కావాలనుకునేవారికి ఒక దారి ఉంది. రిసీవరు వెనక ముందు స్పీకర్ల ‘ప్రీ అవుట్’ (శక్తి పెంచని సంకేతాన్ని బయటికిచ్చే సాకెట్టు) ఉంటే దాన్ని యాంప్లిఫయరులోని ‘హోమ్ థియేటర్ బైపాస్’కు కలుపుతారు. సినిమా వేళ యాంప్లిఫయరు వాల్యూమ్ మీట పక్కకు తప్పుకుంటుంది, రిసీవరే నడిపిస్తుంది. పాట వేళ రిసీవరును ఆపేయవచ్చు. అయితే చవక రిసీవర్లలో చాలావాటికి సబ్‌వూఫరు కోసం తప్ప ప్రీ అవుట్ ఉండదు. పైగా పాట యాంప్లిఫయరు గుండా పోయినప్పుడు 80 హెర్ట్జ్ గీత, గది దిద్దుబాటు రెండూ దానికి అందవు. అదనంగా ఖర్చుపెట్టి నలుచదరపు గదిలోని ఆ 47 హెర్ట్జ్ ఉబ్బును వెనక్కి తెచ్చుకున్నట్టు అవుతుంది. నడపడం కష్టమైన స్పీకర్లకు, ఇప్పటికే మంచి యాంప్లిఫయరు ఉన్నవారికి ఇది అర్థవంతమైన ఏర్పాటు.

ఇటీవల మూడో రకం వచ్చింది: హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగలోనే అందుకునే సదుపాయం) ఉన్న స్టీరియో యాంప్లిఫయర్లు. 2022లో వచ్చిన మరాంట్జ్ మోడల్ 40ఎన్, 2023లో వచ్చిన వీమ్ యాంప్ ఈ కోవలోవి. టీవీ నుంచి ఒక్క తీగ, రెండు స్పీకర్లు, సబ్‌వూఫరుకు ఒక దారి. టీవీ ఆడియో సెట్టింగు పీసీఎంలో (కుదించని డిజిటల్ ధ్వనిలో) ఉండాలి, లేకపోతే డాల్బీ సంకేతం వచ్చి ఇవి మూగబోవచ్చు. 5.1 ధ్వనిని రెండుకు కుదించేటప్పుడు మధ్య ఛానల్‌ను మూడు డెసిబెల్‌లు తగ్గించి ఎడమ, కుడిలకు పంచుతారు. ఉరుముల ఛానల్‌ను సాధారణంగా వదిలేస్తారు, పేలుడు కాస్త చప్పబడేది అందుకే.

ఒకరిద్దరు చూసే ఇంట్లో ఈ ఏర్పాటు సినిమాకు కూడా సరిపోతుంది. నలుగురు సోఫాలో కూర్చుంటే లెక్క మారుతుంది. మధ్యలో ఉన్నవారికి మాటలు తెర నుంచే వస్తాయి. అంచున కూర్చున్నవారికి దగ్గరి స్పీకరు ధ్వని ముందుగా, గట్టిగా అందడంతో హీరో ఏ మూల నిలబడ్డా గొంతు ఆ స్పీకర్లోంచే వినిపిస్తుంది. వాళ్లకు మధ్య స్పీకరు కావాలి, దాంతోపాటు రిసీవరు కూడా.